మన మధ్య కాపురం

డిసెంబరు చలి నంగలి చుట్టుపక్కల పల్లెల్లోకి దిగింది. వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి కట్టిన నక్షత్రాలు ఇళ్ల చూరులకు వేలాడుతున్నాయి. రాత్రి భోజనాలయ్యాక కుర్రకారు డప్పు, తబలా పట్టుకుని ఇంటింటికీ తిరిగి పాడుతున్నారు. బడిలో కన్నడం చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు వీళ్లు. పాటల్లో రెండు భాషలూ కలిసిపోతాయి. వాటన్నిటి సారం మాత్రం ఒక్కటే: దేవుడు దిగి వచ్చి మనుషుల మధ్య కాపురం పెట్టాడు. ఏటా వింటున్న మాట కనుక మనం దాని దగ్గర ఆగడం లేదు. ఆగి ఆలోచిస్తే అది ఎంత పెద్ద మాటో, మన మీద ఎంత బరువు పెడుతుందో తెలుస్తుంది. దేవుడు మా మధ్య ఉన్నాడని చెప్పుకునే ఊళ్లో ఎవరూ వెలుపల మిగిలిపోకూడదు. క్రిస్మస్ అడిగేది ఇదే.

బైబిలులో ఈ కథ బేత్లెహేముకు చాలా ముందే, ఎడారిలో మొదలవుతుంది. ఐగుప్తులో తరతరాలుగా ఇటుకలు చేసిన వెట్టికూలీలు విడుదలై, తమదంటూ ఊరు లేక గుడారాల్లో బతుకుతున్నారు. వాళ్ల మధ్య నివసించేందుకు తనకూ ఒక గుడారం వేయమని దేవుడు అడిగినట్టు నిర్గమకాండం చెబుతుంది. వాళ్లకు ఇళ్లు లేని రోజుల్లో ఆయన రాతి కోట కోరలేదు. లోపల బంగారు రేకు తొడిగిన పలకలు, నీలం ఊదా రంగుల తెరలు ఉన్నా, వాటిపైన కప్పింది మేకవెంట్రుకలతో నేసిన బట్ట. దూరం నుంచి చూసేవాడికి అదీ మిగతా గుడారాల్లాంటి గుడారమే. చలికాలంలో గొర్రెల కాపరి కప్పుకునే గొంగళిలా, కష్టజీవుల ఒంటికి అలవాటైన బట్టనే దేవుడి ఇల్లూ కప్పుకుంది.

ఆ గుడారంలో ఒక చిన్న విషయం మనసును పట్టుకుంటుంది. ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె, అంటే మందసాన్ని మోయడానికి దాని ఉంగరాల్లో రెండు మోతకర్రలు దూర్చి పెట్టారు. మందసం గుడారంలో కదలకుండా ఉన్నప్పుడు కూడా ఆ కర్రలు తీయకూడదని ఆజ్ఞ. దేవుడి సన్నిధికి గుర్తుగా గుడారం మీద నిలిచిన మేఘం ఎప్పుడు లేస్తే అప్పుడు ప్రయాణం. రెండు రోజులు ఆగినా, నెల ఆగినా, ఏడాది ఆగినా జనంతోపాటే ఆయనా ఆగేవాడు. జనం మూటాముల్లె సర్దుకుంటే ఆయన గుడారమూ విప్పేవారు. ప్రజల వెంట వలస వెళ్లడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉన్న దేవుడి కథ ఇది.

వలస అంటే ఏమిటో మన నేలకు ఒకరు చెప్పనక్కర్లేదు. నంగలి పుట్టుకే దారి మీద. హొయసళ విష్ణువర్ధనుడి కాలపు శాసనాలు ఆయన రాజ్యానికి తూర్పు ఎల్లగా చెప్పిన ఊరు ఇది. ఇవాళ కర్ణాటకకు అంచున ఉంది. ఇది దాటితే పలమనేరు, చిత్తూరు. మైసూరు పీఠభూమి నుంచి దిగువ సీమకు వెళ్లే సైన్యాలు, సంతల బండ్లు, కరవులో పొట్ట చేతపట్టుకున్న కుటుంబాలు ఈ దారిలోనే నడిచాయి. తిరుమలకు కాలినడకన పోయే భక్తులు ఇప్పటికీ ఇటే పోతారు. ఏడుకొండలవాడు వైకుంఠం విడిచి కొండ మీదికి దిగి వచ్చాడన్న నమ్మకం వాళ్ల అడుగుల్లో ఉంది. వనవాసంలో ఉన్న సీతమ్మ మన ముళబాగిలు తాలూకా ఆవనిలోనే లవకుశులను కన్నదని ఇక్కడివాళ్లు నమ్ముతారు. పైవాడు కిందికి వచ్చి మన నేల తొక్కుతాడన్న ఊహ ఏ ఒక్క మతానికో కొత్తది కాదు. బైబిలు ఆ ఊహను పట్టుకుని, అలా వచ్చిన దేవుడు ఎవరి పక్కన దిగాడని గట్టిగా అడుగుతుంది.

ఆ ప్రశ్నకు మన జిల్లాలో బంగారు గనులకు మించిన చోటు లేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు గనుల్లో అడుగు పెట్టాక చిత్తూరు, ఉత్తర ఆర్కాడు పల్లెల నుంచి వేలమంది కూలీలు ఇక్కడికి వచ్చారు. వారిలో చాలామంది ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు, గుడి గడప తొక్కే హక్కు లేని కులాలవాళ్లు. గని వాళ్లకు కూలి ఇచ్చింది, ఊరి పెత్తనం నుంచి కాస్త ఊపిరి ఇచ్చింది. ఇల్లు మాత్రం తడికెల గుడిసే. తరవాత వరసలు వరసలుగా లేచిన లైన్లలో ఒక్కో కుటుంబానికి ఒకే గది. ఎడారి గుడారంలో అతి పరిశుద్ధ స్థలం కొలత పది మూరలకు పది మూరలు, అంటే అటు పదిహేను అడుగులు, ఇటు పదిహేను అడుగులు. గని కార్మికుడు తల్లిదండ్రులతో, పెళ్లాం పిల్లలతో తలదాచుకున్న గదికీ దానికీ కొలతలో పెద్ద తేడా లేదు. ఇరుకు గదిలో బతికినవాళ్లకు ఆ కొలత ఎంత దగ్గరగా తగులుతుందో వేరే చెప్పాలా?

ఆ లైన్ల మధ్యే ప్రార్థన మందిరాలు వెలిశాయి. ఛాంపియన్ రీఫ్‌లో విజయమాత పేరిట కతోలిక దేవాలయం నిలిచింది. ప్రొటెస్టెంటు సంఘాలు తమిళంలో కొన్ని, తెలుగులో కొన్ని పుట్టాయి. నేలకింద మూడు కిలోమీటర్లకు పైగా లోతు. రాతి వేడి అరవై డిగ్రీలు దాటే చోట పని. ఎప్పుడు ఏ బండ పేలి మీద పడుతుందో తెలియదు. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుని మనిషి ఏళ్ల తరబడి దగ్గుతూ కరిగిపోయేవాడు. షిఫ్టు దిగి వచ్చినవాణ్ని బంగారం ఏమైనా దాచాడేమోనని సోదా చేసేవారు. అలాంటి మనుషులు ఆదివారం నాడు ఉతికిన చొక్కా వేసుకుని, దేవుడు తమ పక్కన ఉన్నాడని పాడుకున్నారు. ఆ పాట వాళ్లకు కాలక్షేపం అనుకుంటే పొరపాటు. సోమవారం మళ్లీ షాఫ్టులోకి దిగడానికి కావలసిన ధైర్యం అందులోనే ఉంది.

బంగారానికీ దేవుడి నివాసానికీ బైబిల్లో తగవు ఉంది. ఆ జనాన్ని ఐగుప్తు నుంచి నడిపించిన మోషే కొండ మీద గుడారం కొలతలు అందుకుంటున్న సమయంలోనే, కింద జనం చెవిపోగులు తీసి ఇచ్చి బంగారు దూడను పోయించుకున్నారు. ఆ పని వల్ల దేవుడి కాపురమే మూన్నాళ్ల ముచ్చటయ్యేలా కనిపించింది. ఇక మీతో రానని ఆయన అన్నాడు. నువ్వు రాకపోతే మమ్మల్ని ఇక్కణ్నుంచి కదిలించవద్దని మోషే బతిమాలుకున్నాడు. మాట నిలబడింది. ఆ తరవాత అదే జనం చెవిపోగులు, ఉంగరాలు, కడియాలు గుడారం కోసం తెచ్చి పోశారు. స్త్రీలు తమ ఇత్తడి అద్దాలు ఇస్తే వాటితో కాళ్లు చేతులు కడుక్కునే గంగాళం చేశారు. ఇచ్చేవాళ్లు ఎంతకీ ఆగకపోతే, చాలు, ఇక తేవద్దని మోషే చాటింపు వేయించాడు. మొత్తం బంగారం ఇరవైతొమ్మిది తలాంతులకు పైచిలుకు, మన లెక్కలో దాదాపు ఒక టన్ను. వెట్టి నుంచి బయటపడ్డ జనం ఇష్టపడి ఇచ్చిన బంగారం అది.

కోలారు గనులు నూట ఇరవై ఏళ్లలో ఎనిమిది వందల టన్నులకు పైగా బంగారం ఇచ్చాయి. ఆ బంగారం ఏ దేశంలో ఏ ఖజానాలో చేరిందో తవ్వినవాడికి తెలియదు. దాంట్లో ఒక్క తులమైనా కూతురి పెళ్లికి దక్కనివాళ్లే ఎక్కువ. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు తీగ లాగింది కూడా ముందుగా గనుల యంత్రాల కోసమే. మనుషుల కంటే లోహాన్ని ఎక్కువ ప్రేమించిన వ్యవస్థ బంగారు దూడకు వారసురాలు. ఈ మాట అప్పటి దొరల మీద కోపంతో అంటున్నది కాదు. ఇవాళ మన ఊళ్లలో కూడా పెళ్లి, పేరంటం, చివరికి ప్రార్థన మందిరంలో ముందు వరస, అన్నీ మెడలో బంగారాన్ని బట్టి నిర్ణయమవుతున్నాయి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, పేదవాడికి కాళ్లపీట దగ్గర చోటు ఇచ్చే సంఘాన్ని అపొస్తలుడు యాకోబు రెండువేల ఏళ్ల కిందటే మందలించాడు. బంగారు గనుల జిల్లాలో ఉన్న మనకు ఆ మందలింపు తక్కినవారి కంటే సూటిగా తగలాలి.

దూడ ఉదంతం తరవాత మోషే ఒక గుడారం తీసి పాళెం వెలుపల, దూరంగా వేశాడు. దేవుణ్ని వెదికేవాళ్లు అక్కడికే వెళ్లేవారు. యేసు కూడా ఊరి గవిని వెలుపలే చనిపోయాడు. ఊరు ఒకచోట, వాడ ఒకచోట ఉన్న మన పల్లెల్లో పుట్టినవాళ్లకు ఈ సంగతి వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. తెలుగు నాట ఎన్నో పల్లెల్లో చర్చి వాడలో ఉంటుంది. బస్సు దిగిన కొత్తమనిషి చర్చి ఎక్కడని అడిగితే ఊరి చివరికి చెయ్యి చూపిస్తారు. అది చిన్నతనం కాదు. గుడారం మొదట ఎక్కడ వేశారో గుర్తుచేసే చిరునామా అది.

1876-78 నాటి మహా కరవులో ఈ చిరునామా ఎలా పుట్టిందో చూడవచ్చు. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆకలితో చస్తున్న జనానికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నారు. కాలువ గట్టున పాకలు వేశారు. సంఘంలోని తెలుగు ప్రచారకులే మేస్త్రీలై, జనంతో కలిసి అక్కడే ఉన్నారు. కూలీలు పార దించి సేదతీరే వేళ, సాయంత్రం పాకల ముందు, దేవుడి కథ చెప్పారు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని కరవు పని సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఇవ్వలేదు. పని ముగిశాక 1878 జూలై 3న వెలుంపిల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య చరిత్ర పుస్తకాలకెక్కింది. అంతకుముందు నెలల తరబడి కాలువ గట్టున కలిసి తిన్న గంజి, కలిసి మోసిన మట్టి లేకుండా ఆ రోజు లేదు.

అదే కరవులో మన కోలారులో మిస్ ఆన్‌స్టీ అనే ఇంగ్లీషు స్త్రీ తల్లిదండ్రులు పోయిన పిల్లలకు ఆశ్రమం పెట్టారు. 1890లో ఆ పని మెథడిస్టు మిషన్ చేతికి వచ్చింది. 1910లో కోలారులో వెలసిన ఎలెన్ తోబర్న్ కవెన్ స్మారక ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లులు మన జిల్లాలో ఏ మతంలో లేరు? దేవుడు మనుషుల మధ్య ఉన్నాడనడానికి వాదం కంటే ఇలాంటి ఇళ్లు గట్టి సాక్ష్యం.

మళ్లీ బైబిలు కథకు వస్తే, గుడారం రోజులు గడిచాక యెరూషలేములో సొలొమోను రాజు దేవాలయం కట్టాడు. ప్రతిష్ఠ రోజునే, ఆకాశ మహాకాశాలు పట్టని నీకు నేను కట్టిన ఈ ఇల్లు ఏపాటిదని రాజు ప్రార్థించాడు. ఆ వినయాన్ని తరవాతివాళ్లు మరిచారు. దేవాలయం ఉంది కనుక మనకేం కాదనుకుని పేదవాణ్ని నలిపారు. యెహెజ్కేలు ప్రవక్త చూసిన దర్శనంలో దేవుడి మహిమ ఆ భవనాన్ని వదిలి వెళ్లిపోయింది. క్రీస్తుపూర్వం 586లో బబులోను సైన్యం దేవాలయాన్ని తగలబెట్టింది. అంతకు ఏడేళ్ల ముందే, చెరపట్టబడి కెబారు కాలువ ఒడ్డున బతుకుతున్న జనం మధ్య ఆ ప్రవక్తకు దేవుడి సింహాసనం కనిపించింది. దానికి చక్రాలున్నాయి. ఊరు కోల్పోయినవాళ్ల దగ్గరికి దేవుడే దొర్లుకుంటూ వచ్చాడు. తడి ఇసుకలో నిలబడ్డ బందీలకు అంతకంటే ఓదార్పు ఏముంటుంది?

మన చెర 2001 ఫిబ్రవరి 28న మొదలైంది. ఆ రోజు భారత్ గోల్డ్ మైన్స్ గనులు మూతపడ్డాయి. తరాల తరబడి తెలిసిన ఒకే పని పోయింది. వేసవి గాలికి సైనైడ్ దిబ్బల దుమ్ము లేచి ఇళ్ల మీద పడుతూ ఉంది. బతికిన ఇంటి మీద హక్కు కోసం కార్మిక కుటుంబాలు ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాయి. తెల్లవారకముందే మారికుప్పం, ఊరిగాం స్టేషన్లలో టిఫిన్ డబ్బాలు పట్టుకుని వేలమంది బెంగళూరు రైలెక్కుతారు. రాత్రి పిల్లలు నిద్రపోయాక తిరిగి వస్తారు. ఊళ్లో ఇల్లు, నగరంలో బతుకు. ఈ మనిషికి దేవుడి నివాసం గురించి చెప్పాలంటే యెహెజ్కేలు చూసిన చక్రాలే చెప్పాలి. చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా ఉత్తరం రాస్తూ ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోరండి అన్నాడు. తోడు ఉంటుందన్న నమ్మకం మనిషిని చేతులు ముడుచుకు కూర్చోనివ్వదని ఆ ఉత్తరం నేర్పుతుంది.

ఈ నేపథ్యంలో బేత్లెహేము కథ చదివితే అది ఉన్నట్టుండి జరిగిన వింత అనిపించదు. ఎడారి గుడారం నుంచి దేవుడు నడుస్తున్న దారిలోనే అది తరవాతి మజిలీ. జనాభా లెక్కల కోసం ఊరు మారిన దంపతులు. సత్రంలో చోటు లేదు. పశువుల తొట్టే ఉయ్యాల. పెరిగింది వడ్రంగి ఇంట. పెద్దయ్యాక ఆయన మనుషులను తన దగ్గరికి పిలవడంతో సరిపెట్టుకోలేదు, పదిమంది వెలివేసిన పన్నుల వసూలుదారు జక్కయ్య ఇంట దిగుతానని తనే అడిగాడు. ఆయన గడప దాటాక జక్కయ్య తన ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. దేవుడు ఒక ఇంట కాపురం ఉన్నాడని తెలిసేది ఇలాగే.

మన పల్లెల్లో ఇంటి ప్రార్థన జరిగే సాయంత్రం చూడండి. ఇల్లాలు మధ్యాహ్నమే వాకిలి ఊడ్చి నీళ్లు చల్లుతుంది. ఒక్క గదే ఉంటే నులక మంచం ఎత్తి బయట గోడకు ఆనిస్తారు. పక్కింటి నుంచి రెండు చాపలు వస్తాయి. టమోటా కోతకు పోయి వడ్డహళ్లి మార్కెట్టుకు బుట్టలు ఎత్తించి వచ్చిన ఆడవాళ్లు, గోళ్లలో ఆకుపచ్చ మరక పోకుండానే వచ్చి కూర్చుంటారు. చదువు రాని ముసలావిడ కీర్తన మొత్తం కంఠతా పాడుతుంది. చివర్లో అందరికీ టీ, బన్ను. ఇల్లు ఇరుకని ఎవరినీ వెనక్కి పంపరు. చోటు చాలకపోతే జరుగుతారు. మందిరం అనే మాటకు తగిన చోటు ఇదే.

ఇంత మంచి అలవాటు ఉన్న సంఘాల్లోనే కులం ఇంకా చాప వేసుకు కూర్చుంది. పెళ్లి సంబంధాల దగ్గర, కొన్నిచోట్ల సమాధుల దగ్గర కూడా గోడలు ఉన్నాయి. దేవుడు పాళెం మధ్య తిరుగుతుంటాడు కనుక పాళెం శుభ్రంగా ఉండాలని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞ. మట్టి మురికి కంటే ఈ మురికి పెద్దది. మందిరానికి కొత్త టైల్స్ వేసుకోవచ్చు, గోపురం మీద దీపాలు పెట్టుకోవచ్చు. లోపల ఒకడు రెండోవాణ్ని వేరుగా చూస్తున్నంతకాలం అక్కడ దేవుడు ఉన్నాడని చెప్పే నోరు మనకు లేదు. యెరూషలేము భవనం వదిలి వెళ్లిన మహిమ మన భవనాలకు కట్టుబడి ఉంటుందన్న హామీ ఎక్కడా లేదు.

బైబిలు చివరి పుటల్లో ఒక నగరం ఉంది. మనుషులు పైకెక్కి పోయే నగరం కాదు, దేవుడి దగ్గర నుంచి కిందికి దిగి వచ్చే నగరం. దేవుడు మనుషులతో కాపురం ఉండి వాళ్ల కన్నీళ్లు తుడుస్తాడని యోహాను రాశాడు. అక్కడ దేవాలయం విడిగా లేదు, ఎందుకంటే ఊరంతా ఆయన ఇల్లే. పన్నెండు గుమ్మాలూ పగలంతా తెరిచే ఉంటాయి, అక్కడ రాత్రే లేదు. ఆ నగరంలో బంగారం వీధిలో పరిచి ఉంది, జనం దాని మీద నడుస్తారు. బంగారం కోసం ఊపిరితిత్తులు ఇచ్చినవాళ్ల మనవలకు ఈ దృశ్యం అందరికంటే బాగా అర్థమవుతుంది. మనిషిది పైచెయ్యి అయినప్పుడు బంగారం ఉండవలసిన చోటు పాదాల కిందే.

ఆ నగరం వచ్చేదాకా చేతిలో పని ఉంది. ఈ క్రిస్మస్‌కు నక్షత్రం కట్టేవాళ్లు, పాటలు పాడేవాళ్లు ఊరి రెండు వైపులా తిరగాలి. రాతి దుమ్ము పట్టిన ఊపిరితో మంచం పట్టిన పాత గని కార్మికుడి గడప దగ్గర కాసేపు కూర్చుని, మందుల చీటీ చేతికి తీసుకోవాలి. రాత్రి రైలులో వచ్చే తల్లిదండ్రుల పిల్లలకు సాయంత్రం రెండు గంటలు చదువుకునే చోటు మందిరంలో ఇవ్వాలి. ఆదివారం ఒక్క పూటకే తెరిచే తలుపులు వారమంతా తెరిస్తే దానికి కొత్త చందాలేమీ అక్కర్లేదు. సమాధుల తోటలో గోడ ఉంటే ఈ ఏడాదే పడగొట్టాలి. ఏ మతం వాళ్లయినా, ఏ మతం లేనివాళ్లయినా ఈ పనులకు చెయ్యి కలపవచ్చు. దేవుడు మన మధ్య కాపురం ఉన్నాడని నమ్మేవాళ్లకైతే ఇవి తప్పించుకోవడానికి వీల్లేని పనులు. ఆయన వచ్చి ఉన్న ఊళ్లో చోటు దొరకని మనిషి ఒక్కడు మిగిలినా, ఆ లోటుకు జవాబు చెప్పవలసింది మనమే.